పడుగు గంజి

1941 మే నెల, రెండో శుక్రవారం పొద్దున, గద్వాల నేతగాళ్ల వాడలో పెండ్లికొడుకు రామస్వామి వాంతి చేసుకున్నాడు. ముహూర్తానికి ఇంకా మూడు గంటలు ఉంది.

అతను పెరటి గోడ పట్టుకొని వంగి ఉండగా మేనమామ భార్య లలితమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. ముహూర్తం దాటితే ఆమె అతనికి పిల్లనిచ్చిన అత్త. ఆమె అరవలేదు. పొయ్యిలోని బూడిద చాటలోకి ఎత్తి తెచ్చి ఆ చోట పోసింది. తర్వాత వీధి వైపు చూసింది.

"ఏమన్న తిన్నవా అల్లుడా?"

"ఏం తినలే అత్తమ్మా. లగ్గమయ్యేదాక ఉపాసమే గద."

"మరి గిదేంది?"

"నిన్న ఎండల వచ్చిన గద. పైత్యం గావచ్చు."

"మెల్లగ మాట్లాడు. ఈరన్న వాకిట్లనే ఉన్నడు."

ఆ వేసవి గద్వాలలో గత్తర, అంటే కలరా, ఉంది. సంస్థానం వారు ప్రతి వాడ మొదట ఒక జవానును కూర్చోబెట్టారు. నేతగాళ్ల వాడకు వచ్చిన జవాను పేరు ఈరన్న; గుంపు కూడుతుందేమోనని ఆ పొద్దున పెండ్లింటి వాకిట్లో కూర్చున్నాడు. ఏ ఇంట్లో ఎవరికి వాంతి అయినా, విరేచనం అయినా అతను బండిని పిలిపించాలి. ఆ మనిషిని అయిజ బాట పక్కన వేసిన షెడ్డుకు పంపాలి. రోగం లేనివాడూ, ఉన్నవాడూ అక్కడ పక్కపక్కనే పడుకోవాలి. ఆ వాడ నుంచి అప్పటికి ఇద్దరు షెడ్డుకు పోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

పెండ్లి వాయిదా వేద్దామని పెండ్లికూతురి తండ్రి నారాయణ అన్నాడు. అతని అక్క తిమ్మమ్మ వనపర్తిలో ఉంటుంది. ఆమెకు భర్త లేడు, రామస్వామి ఒక్కడే కొడుకు. వాయిదా వద్దని ఆమె కబురు పంపింది. వచ్చే వేసవికి ఎవరు ఉంటారో, ఎవరు పోతారో తెలియదని, ఉన్నప్పుడే కానిద్దామని ఆ కబురు. వారంలో ముహూర్తం పెట్టారు. తల్లీ కొడుకులు కృష్ణను పుట్టి పడవలో దాటి, బీచుపల్లి నుంచి బండి దొరికినంత దూరం బండి మీద, దొరకని చోట నడిచి గురువారం సాయంత్రానికి వచ్చారు.

గుంపు కూడవద్దని ఉత్తరువు ఉంది కనుక వీధిలో పందిరి వేయలేదు. బ్యాండు లేదు, బరాతు ఊరేగింపు లేదు. మగ్గం ఉన్న గదిలోనే పెండ్లి. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట మీద పలకలు పరిచి, చాప వేసి, దాని మీద పీటలు పెట్టారు. ఇంటివాళ్లు ముగ్గురు, వచ్చినవాళ్లు ఇద్దరు, పెండ్లి చేయించే అయ్యగారు ఒక్కరు. గురువారం రాత్రి అన్నాలు తినేటప్పుడు తిమ్మమ్మ, "నా లగ్గానికి బ్యాండోళ్లు మూడు దినాలు కొట్టిన్రు తమ్మీ. నీ బావ ఏమన్నడో నాకు ఒక్క ముక్క ఇనవడలే. ఈళ్లకు గా బాధ లేదు" అంది. అందరూ నవ్వారు.

రామస్వామికి ఆ ఇల్లు కొత్త కాదు. రెండేండ్లు మామ దగ్గర ఉండి నేత నేర్చుకున్నాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు దారాలనూ పోగు పోగుకూ మెలివేసి నేయాలి. అందుకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. రామస్వామి పక్కన కూర్చొని అంచు దారం చుట్టిన కండె అందించింది మామ కూతురు బాలమణి. ఆ రోజు ఆమె కట్టుకోవలసిన చీర వాళ్లిద్దరూ అట్లా నేసినదే.

పొద్దు పొడవక ముందు ఆమె అతనికి గంజి ఇచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముహూర్తం కాకుండా ఒకరి ముఖం ఒకరు చూడకూడదని ఆ రోజు వాళ్లను వేరు వేరుగా ఉంచారు. బాలమణి నీళ్ల కోసం లేచినప్పుడు రామస్వామి పెరటి గడపలో కూర్చొని ఉన్నాడు.

"బాలా, దూప అయితున్నది. నాలుక పిడచ గట్టింది."

"ఉపాసం బావా. అత్త చూస్తె చంపుతది."

"గంజి నీళ్లు తాగితె ఉపాసం ఖరాబు గాదు. కండ్లు మూసుకుంట. నీ ముఖం సూడ, సరేనా?"

అతను నిజంగానే కండ్లు మూసుకున్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, దీపం వెలిగిస్తే అమ్మ లేస్తుందని చీకట్లోనే కడవ తడిమి, చెంబు ముంచింది. చట్టిలోని మజ్జిగ పోసి, ఉప్పు వేసి ఇచ్చింది. అతను ఎత్తిన చెంబు దించకుండా తాగాడు.

"జర వగరున్నది."

"నిన్నటిది, పులిసింటది. నాకియ్యి చెంబు. పో, పండుకో."

మొదటి వాంతి తర్వాత కొంతసేపటికి రెండోది అయింది. ఈసారి తిమ్మమ్మ చూసింది. కొడుకు వీపు మీద చేయి వేసింది. ఒళ్లు చల్లగా చెమట పట్టి ఉంది. ఆమె నోరు తెరిచింది. లలితమ్మ ఆ నోటికి చేయి అడ్డం పెట్టింది.

"వదినె, నీ కాళ్లు మొక్కుత. ఏడ్వకు. ఈరన్న ఇంటడు."

"ఈని అయ్య గూడ గిట్లనే పోయిండు లలితా. గిదే చెమట. పొద్దుగూకె వరకు లేడు."

"గది గాదు. గది గాదంటున్న గద."

ఈరన్న విన్నాడు. లాఠీతో గుమ్మం మీద తట్టాడు.

"ఏంది నారాయణన్నా, లగ్గం ఇల్లు గింత సప్పుడు లేకుండున్నది? నాకు బూరెలు పెట్టాల్సి వస్తదనా?"

నారాయణ ఎదురు పోయాడు. నవ్వడానికి చూశాడు.

"అయినంక పిలుస్త ఈరన్నా. ఆడోళ్లు పిల్లను తయారు జేస్తున్నరు."

ఈరన్న అతని భుజం మీదుగా లోపలికి చూశాడు. పెరట్లో తడిసిన బూడిద కుప్ప కనిపించింది. దాని పక్కన రామస్వామి కూర్చొని, తల మోకాళ్లకు ఆనించి ఉన్నాడు. అతను మూడోసారి వాంతి చేసుకున్నాడు. ఈరన్న నవ్వు ఆపాడు. వీధి చివర ఉన్న బండివానికి చేయి ఊపాడు.

నేత ఇంట్లో గంజి రెండు రకాలు. ఒకటి తాగేది, ఒకటి మగ్గం మీది నిలువు దారాలకు, పడుగుకు, పెట్టేది. రెండూ జొన్న గంజే. పడుగు గంజికి పురుగు పట్టకుండా, బూజు రాకుండా నీలం రంగు మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తం విషమని నేతవాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ కడవ వంటింట్లోకి రాదు. మగ్గం గదిలో గుంట పక్కన ఉంటుంది. ఆ వారం పెండ్లికని మగ్గం గది ఖాళీ చేసినప్పుడు ఆ కడవ వంటింట్లోకి వచ్చింది.

బాలమణి లోపలి గదిలో పసుపు కాళ్లతో ఉంది. బావ వాంతి, అత్త గొంతు ఆమెకు వినిపించాయి. తిన్నగా వంటింట్లోకి పోయింది. అప్పటికి వెలుగు వచ్చింది. గోడ వారన రెండు కడవలు ఉన్నాయి. తాగే గంజి కడవకు మూతి మీద కట్టిన బట్ట కట్టినట్టే ఉంది. రెండో కడవ అంచున చెంబు ముంచిన జాడ ఉంది. లోపలి గంజి మీద నీలం తేలి ఉంది.

ఆమె ఆ కడవ దగ్గర నిలబడిపోయింది. చెప్తే, పెండ్లికొడుక్కి విషం పోసింది తానని అంతా అంటారు. పోలీసు అమీన్ వస్తాడు. చెప్పకపోతే బావను గత్తర షెడ్డుకు ఎత్తుకుపోతారు. బయట బండి చక్రాల చప్పుడు వినిపించింది.

ఆమె కడవ మూతి మీద చెంబు పెట్టి, రెండు చేతులతో ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది.

"బావకు గత్తర గాదు. నేను గంజి ఇచ్చిన. కడవ మారింది. గిది పడుగు గంజి."

మొదట కదిలింది తిమ్మమ్మ. బాలమణి చెంప మీద కొట్టింది.

"నా కొడుక్కు ఇసం పోసినవానే?"

"తెల్వక పోసిన అత్తా. చీకట్ల తెల్వలే."

నారాయణ కూతుర్ని వెనక్కి లాగాడు. "ఊకో. నోరు మూసుకో. అమీన్ సాబ్ ఇంటె ఏమైతదో ఎరికేనా?"

ఈరన్న తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, మొన్నటి ఇంట్ల మామిడికాయ తిన్నడన్నరు. అంతకు ముందు ఇంట్ల బెల్లం పడలేదన్నరు. ఇయ్యాల గంజి. ప్రతి ఇంట్ల ఏదో ఒకటి తిననే తింటరు. నేను ఇన్నననుకో, రేపు వాడంత పీనుగులైతది. ఎక్కించుండ్రి."

బండివాడు గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. లోపలికి రాలేదు. రామస్వామి పెరటి గోడ పట్టుకొని లేచి వాకిట్లోకి వచ్చాడు.

"పోత మామా. లొల్లి వద్దు."

"నువ్వు కూసో బావా" అంది బాలమణి. ఈరన్న వైపు తిరిగింది. "నాకు వాంతి గాలేదు గద? నేను బాగనే ఉన్న గద? సూడు."

"సూస్తున్న."

"గీ గంజి నేను తాగుత. నాకు గూడ గట్లనే అయితె గంజి వల్లనే అని తెలుస్తది. కాకపోతె బావను తీస్కపో."

"బాలా, వద్దు!" అన్నాడు రామస్వామి. ముందుకు రాబోయి మోకాళ్ల మీద పడ్డాడు.

ఆమె చెంబు ముంచి తాగడం మొదలుపెట్టింది. లలితమ్మ పరుగున వచ్చి లాగేసరికి సగం పైన లోపలికి పోయింది. మిగిలింది పసుపు కాళ్ల మీద ఒలికింది.

నారాయణ కడవ పక్కన కూలబడ్డాడు. "రేగుపండంత ఏసిన" అన్నాడు. "గంతే. ఎప్పటి లెక్కనే. గింత కడవకు గది మనిషిని చంపదు. కడుపుల తిప్పుతది, గంతే."

లలితమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఎప్పుడేసినవు?"

"బుధారం పొద్దుగూకినంక."

"నేను గూడ ఏసిన" అంది లలితమ్మ. "బేస్తారం పొద్దుగాల. లగ్గం పనుల మర్చిపోయినవనుకున్న. నేను గూడ గంతే ఏసిన."

బాలమణి తల్లి వైపు చూసి, తర్వాత కడవ వైపు చూసింది. గోడకు ఆని కూర్చుంది. రామస్వామి పాకుతూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"వాంతి అయితె ఇంకో పేరు గూడ నేను చెప్పాల్సి వస్తది" అన్నాడు ఈరన్న. అతని గొంతు ముందటి లాగా లేదు. "గత్తర గూడ గిట్లనే అంటుతది అక్కా. ఒకరి నుంచి ఒకరికి. నాకెట్ల తెల్వాలె?"

అప్పుడు తిమ్మమ్మ లోపలికి పోయింది. జీలకర్ర బెల్లం కోసం పెట్టిన తెల్ల పింగాణీ గిన్నె ఖాళీ చేసి తెచ్చింది. బాలమణి ముందు మోకాళ్ల మీద కూర్చొని గిన్నె పట్టుకుంది.

"వస్తె గిండ్ల కక్కు. నేల మీద పడితె ఏది ఏందో తెల్వదు."

బాలమణి కడుపు పట్టుకొని ముందుకు వంగింది. గిన్నెలో పడింది నీలం కలిసిన పచ్చ. తిమ్మమ్మ గిన్నెను కొడుకు ముందుకు తిప్పింది. రామస్వామికి నాలుగోసారి అయింది. అదే రంగు. ఆమె గిన్నెను గుమ్మం దాకా తీసుకుపోయి ఈరన్న ముఖం ముందు పెట్టింది.

"గత్తర గీ రంగుల వస్తదా? నీకు ఎరికే. చెప్పు."

ఈరన్న చాలాసేపు చూశాడు. బండివాణ్ని దవాఖానకు పంపాడు. బండి మాత్రం అక్కడే ఉంచమన్నాడు.

డాక్టరు వచ్చి గిన్నె చూశాడు. కడవలో వేలు ముంచి చూశాడు. ఇద్దరి కండ్లూ, గోళ్లూ చూశాడు. విరేచనాలు అయినాయా అని అడిగాడు. కాలేదన్నారు. పిక్కలు గుంజుతున్నాయా అని అడిగాడు. లేదన్నారు.

"మైలుతుత్తమే" అన్నాడు.

లలితమ్మ చేతులు జోడించింది.

"ఆగమ్మా. మైలుతుత్తం తాగిన్రు, నిజమే. లోపల గత్తర గూడ లేదని నేనెట్ల చెప్త? ఈ అబ్బాయి నది దాటి వచ్చిండు. దారిల ఎన్ని ఊర్ల నీళ్లు తాగిండో. చీకటి పడేదాక చూస్త. పాలల్ల గుడ్డు తెల్లసొన కలిపి తాపుతనే ఉండుండ్రి. ఎవ్వరు గడప దాటొద్దు, ఎవ్వరు లోపలికి పోవద్దు. ఒక్క విరేచనం అయినా ఇద్దరు షెడ్డుకే. సాయంత్రం నేనే వస్త."

"అమీన్ సాబ్‌కు చెప్తరా దొరా?" అన్నాడు నారాయణ.

"మొదలు వీళ్లు బతకాలె గద" అన్నాడు డాక్టరు.

ఈరన్న గడప అవతల సున్నంతో గీత గీశాడు. బండి ఎద్దులను విప్పి వేపచెట్టుకు కట్టేశారు. కాడి దించిన బండి గుమ్మం ఎదురుగానే ఉంది.

అయ్యగారు అప్పుడు వచ్చారు. గీత చూసి ఆగారు. సంగతి విన్నారు.

"ముహూర్తం దగ్గరికి వచ్చింది. ఏం చేద్దామంటారు?"

"ఆపుదాం అక్కా" అన్నాడు నారాయణ. "పొద్దుగూకినంక ఏమైతదో. పిల్ల బతుకు సూడాలె గద. ఇయ్యాల పుస్తె కట్టి ఇయ్యాలనే తెంచుడైతె…"

తిమ్మమ్మ కొడుకు వైపు చూసింది. అతను గోడకు తల ఆనించి బాలమణి వైపు చూస్తున్నాడు. ఇక ముఖం చూడకూడదన్న మాట ఎవరూ ఎత్తలేదు.

"ఏమంటవే?" అని తిమ్మమ్మ బాలమణిని అడిగింది. "ఆపుదామా?"

"వద్దు అత్తా. షెడ్డుకు పోతె ఇద్దరం పోతం. పెండ్లాం గాకపోతె ఆడోళ్ల దిక్కు పండబెడ్తరు. పెండ్లాం అయితె పక్కన కూసోనిస్తరేమో."

తిమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "కట్టిపియ్యి తమ్మీ. దీన్ని తిట్టాల్సింది శానా ఉన్నది నాకు. కోడలైతెనే తిట్టొస్తది."

అయ్యగారు గీతకు అవతల, వీధిలో, ఎండలో పీట వేసుకొని కూర్చున్నారు. అక్కడ నుంచే మంత్రాలు చదివారు. ఎప్పుడు ఏం చేయాలో గట్టిగా చెప్పారు. లోపల నారాయణ, లలితమ్మ చేయించారు. ఈరన్న గడప అవతల లాఠీ పట్టుకొని నిలబడి చూశాడు. ఎదురింటి వాళ్లు కిటికీ తలుపులు వేసుకున్నారు.

బాలమణి పట్టు అంచు చీర కట్టుకుంది. పీట పక్కన పాల చెంబు ఉంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకసారి, కన్యాదానం తర్వాత ఒకసారి ఆపవలసి వచ్చింది. రామస్వామి పుస్తె రెండు ముళ్లు వేశాడు. మూడో ముడి దగ్గర పక్కకు తిరిగి గిన్నె అందుకున్నాడు. అయ్యగారు ఆ మంత్రం మళ్లీ మొదటి నుంచి చదివారు. రెండోసారి ముడి పడింది. తలువాల బియ్యం ఒకరి తల మీద ఒకరు పోసుకునేటప్పుడు ఎవరూ నవ్వలేదు. బియ్యం చాప అంచు దాటి గుంట మీది పలకల సందుల్లోంచి కిందికి పడింది.

అయ్యగారు లేచి, అక్షతలు గీత మీదుగా లోపలికి విసిరి వెళ్లిపోయారు.

తర్వాత చేయడానికి ఏమీ లేదు. బూరెలు ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం ఎండకు వీధిలో మనిషి లేడు. ఈరన్న బండి నీడలో కూర్చున్నాడు. బండివాడు బండి కిందనే పడుకున్నాడు. పాలు అయిపోతే లలితమ్మ గుమ్మం దగ్గర చెంబు పెట్టేది. పాలు పోసే ఆమె దూరం నుంచే ఎత్తి పోసేది.

నవదంపతులు చాప మీద పక్కపక్కన కూర్చున్నారు.

"బావా, భయమైతుందా?"

"అయితుంది."

"నాకు గూడ."

"వగరున్నదని నేను అప్పుడే అన్న."

"అన్నవు. మరి ఎందుకు తాగినవు?"

"నువ్విచ్చినవు గద."

"రేపటి నుంచి నేనేమిచ్చినా మూతి దగ్గర పెట్టి సూడు."

"రేపు ఉంటె సూస్త."

ఆమె అతని నోరు మూసింది. తిమ్మమ్మ పక్క గదిలో ఉండి విన్నది.

ఎండ కొంచెం తగ్గాక రామస్వామి కడుపు పట్టుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"పెరట్లకు పోవాలె."

నలుగురూ లేచారు. ఈరన్న గీత దాటలేదు. గోడ చుట్టూ తిరిగి పెరటి వైపు పోయాడు. బండివాడు లేచి ఎద్దులను విప్పి కాడి కట్టాడు. రామస్వామి గోడ పట్టుకొని మెల్లగా నడిచాడు. బాలమణి గడప దాకా పోయి అక్కడే కూర్చుంది. లలితమ్మ కండ్లు మూసుకుంది. తిమ్మమ్మ బండి వైపు తిరిగి చూడలేదు.

రామస్వామి తిరిగి వచ్చాడు.

"ఏమైంది?" అంది తిమ్మమ్మ.

"ఉచ్చ."

"ఒట్టు?"

"ఒట్టే అమ్మా. ఈరన్ననడుగు. గోడ మీది నుంచి సూసిండు."

"ఉచ్చనే" అన్నాడు ఈరన్న గోడ అవతల నుంచి.

నారాయణ నవ్వబోయాడు. ఏడ్పు వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు డాక్టరు వచ్చాడు. గీత దాటి లోపలికి వచ్చి ఇద్దరి నాడి చూశాడు. పొట్ట నొక్కి చూశాడు. నాలుకలు చూశాడు. బాలమణికి మధ్యాహ్నం తర్వాత వాంతి లేదు. రామస్వామికి సాయంత్రం నుంచి లేదు. ఇద్దరికీ విరేచనం కాలేదు. ఇద్దరూ ఉచ్చ పోస్తున్నారు. డాక్టరు అమీన్ సంగతి ఎత్తలేదు. రెండు రోజులు పాలు, జావ తప్ప ఏమీ పెట్టవద్దని చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి ఈరన్నతో, "ఈ ఇంటికి బండి అక్కరలేదు" అన్నాడు.

ఈరన్న బండివానికి చెప్పాడు. ఎద్దులకు కాడి అప్పటికే కట్టి ఉంది. బండి కదిలింది. అయిదుగురూ గడప లోపల నిలబడి చూశారు.

మూడిండ్ల అవతల ఒక ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి ఈరన్నను పిలిచింది. బండి అక్కడ ఆగింది.